చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు

ఆ ఉదయం చిన్నల్లుడు పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీసుకోవాలి, చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, తొమ్మిదింటి బస్సు పట్టుకోవాలి. గడ్డం సగంలో ఉండగా తోడల్లుడి కంపెనీ ఆ మధ్యాహ్నం విడుదల చేయబోతున్న అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాం నమూనా ఫోనులో కనిపించింది. ఊరికే నొక్కి చూస్తే ఏ నెలలోనూ ముప్పై ఒకటో తేదీ లేదు.

సరిగ్గా అదే తప్పు చిన్నల్లుడి ప్రోగ్రాంలోనూ ఉంది. అలాంటి తప్పు లోకంలో ఇంకెవరూ చేయలేరని అతని నమ్మకం. ఆ ప్రోగ్రాం కోడంతా నెట్లో పెట్టి, ఇది ఓపెన్ సోర్సు, అందరి సొత్తూ అని అత్తవారింట్లో డప్పు కొట్టుకున్నాడు గానీ, దాని లైసెన్సు మాత్రం వేరే పాట పాడుతోంది: చూడొచ్చు, నేర్చుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదు. పెళ్లయిన ఐదేళ్లుగా పెద్దల్లుడి గొప్పలు విని విని అతనికి చెవులు చిల్లులు పడ్డాయి. ఈ ఒక్కసారైనా మామగారి ముందు తనది పైచేయి కావాలి.

సగం గడ్డంతోనే, తన కోడు కాపీ కొట్టారని తోడల్లుడి కంపెనీకి నోటీసు పంపాడు. వాళ్లు బెదిరిపోయి విడుదల ఆపేశారు. వదినగారు కుటుంబం గ్రూపులోంచి వెళ్లిపోయింది. అక్క వెళ్లిపోయిందని భార్య అతనితో మాట్లాడటం మానేసింది. సంగతి అతని ప్రోగ్రామే వాడుతున్న సొంత ఆఫీసుకీ పాకి, ఆ కోడు నీదేనని సాయంత్రంలోగా రుజువు చూపించమని మేనేజరు కబురు పెట్టాడు.

చివరికి, వకీలుగా రిటైరైన మామగారు ఇద్దరల్లుళ్లనూ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. రెండు కోడుల పాత ప్రతులూ తెప్పించి, కళ్లజోడు సర్దుకుని తేదీలు చూశారు. పెద్దల్లుడి తప్పు ఎనిమిదేళ్ల నాటిది. చిన్నల్లుడిది ఆరేళ్ల నాటిది.

"మీ కోడు పైన కూడా ఈ నాలుగు పంక్తులు ఉండాలే. ఏమయ్యాయి అల్లుడుగారూ?" అన్నారు చిన్నల్లుడితో.

చిన్నల్లుడికి తల కొట్టేసినట్టయింది. పెళ్లికి ముందెప్పుడో నెట్లో దొరికిన కోడు తెచ్చుకుని, పైనున్న నాలుగు పంక్తులూ చెత్తనుకుని, చదవకుండానే చెరిపేశాడు. మామగారు వాటిని పెద్దల్లుడి పాత ప్రతిలోంచి నిదానంగా చదివి వినిపించారు: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఈ పేరు మాత్రం తీయకూడదు. ఆ పేరు పెద్దల్లుడిది.

"ఓపెన్ సోర్సంటే ఇదండీ. మీరు చేసింది కిటికీలోంచి చూపించడం," అన్నారు మామగారు.

"పోనీలెండి మామయ్యగారూ," అన్నాడు పెద్దల్లుడు. "ఆ పేరొక్కటి తిరిగి పెట్టు తమ్ముడూ, చాలు."

తిట్టినా బాగుండేదనిపించింది చిన్నల్లుడికి. రెండు కంపెనీలకూ, వదినగారికీ, భార్యకూ విడివిడిగా క్షమాపణలు రాసి, కోడు పైన ఆ పేరు తిరిగి పెట్టాడు.

ఇప్పుడు అతని ఆఫీసులో ఆ ప్రోగ్రాం ఎవరు తెరిచినా మొదట పెద్దల్లుడి పేరు, దాని కింద అతని పేరు వస్తాయి. మామగారింట్లోనూ అదే వరస.