పోయినావిడ లేచిన పేజీ

పన్నెండింటికల్లా చివరి పేజీ ఆఫీసులో ఇచ్చేసి, వస్తూ వస్తూ తెగిన చెప్పు కుట్టించుకుని రావాలన్నది ఆ ఉదయం బొమ్మలాయన వేసుకున్న పథకం. మహనీయుల జీవితాలను పిల్లలకు బొమ్మల పుస్తకాలుగా అచ్చువేసే ఆఫీసు అది. ఈసారి వంతు వెనకటి కాలపు మంత్రసానిది. అంటురోగం ఊళ్ళను ఊడ్చేస్తుంటే ఇంటింటికీ తిరిగి జనంచేత చేతులు కడిగించిందట. ఆవిడ ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. చేతులు కడుక్కోనిదే కంచం ముట్టనివ్వని మనిషి బొమ్మలాయన ఎరిగినంతలో ఒక్కరే. అందుకని మొదటి పేజీ నుంచీ మంత్రసానికి అత్తగారి ముఖమే పెట్టాడు.

మిగిలింది మరణశయ్య. "ఇది ఆలస్యమైతే తరువాతి పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తాను" అని ఎడిటర్ ముందే చెప్పి ఉన్నాడు.

ఆ బొమ్మ కోసం అత్తగారు ముందుగదిలో మంచం మీద తెల్లదుప్పటి గడ్డం దాకా కప్పుకుని పడుకుంది. భార్య జుట్టు విరబోసుకుని, తల్లి పాదాల దగ్గర తల ఆనించి శిష్యురాలైంది.

"అల్లుడుగారూ, ఈ మహాతల్లికి బతికినన్నాళ్ళూ ఒక్కసారైనా కోపం రాలేదా? పుస్తకమంతా నవ్వుతూనే ఉంది" అంది అత్తగారు, కళ్ళు మూసుకునే.

"పిల్లల పుస్తకాల్లో మహనీయులకు కోపం రాకూడదండీ. ఎడిటర్ ఒప్పుకోరు."

"కోప్పడకుండా అంతమంది చేత చేతులెలా కడిగించింది? దేవుడికే వస్తుంది కదా కోపం!"

"పోయినవాళ్ళు మాట్లాడకూడదు అత్తయ్యగారూ. నేను అయిందనేదాకా కదలనని మాటిచ్చారు."

ఇచ్చిన మాట తప్పే మనిషి కాదావిడ. నోరు మూసుకుంది. భార్యకు మాత్రం నవ్వు ఆగలేదు. దుప్పట్లో ముఖం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే కిందివాటా టైలరమ్మ వచ్చింది. మెట్ల మీద పడిన దారపు ముక్కల గురించి పొద్దున అత్తగారు అన్న మాటలకు జవాబు చెప్పిపోదామని మెట్లెక్కింది. గుమ్మంలోంచి తెల్లదుప్పటి చూసింది. కూతురి భుజాలు చూసింది.

"అయ్యో పిన్నిగారూ! పొద్దున నిక్షేపంలా ఉన్నారే!" అని అక్కడే కూలబడింది.

అత్తగారి కనురెప్ప అదిరింది.

"కదలకండి అత్తయ్యగారూ!" అన్నాడు బొమ్మలాయన.

"పాపం, అల్లుడికి మతి చెదిరింది" అని టైలరమ్మ గొల్లుమంది.

నిజం చెప్పడానికి బొమ్మలాయన నోరు తెరిచిన మాట వాస్తవమే. కానీ పేజీకి ఏడ్చేవాళ్ళు కావాలి, భార్యకేమో ఏడుపు రావడం లేదు. ఇంత చక్కని ఏడుపు దేవుడే పంపితే కాదనడం పాపమనుకుని పెన్సిలు చెక్కుకున్నాడు. ఆ గోలకు పై అంతస్తు లెక్కల మాస్టారు దిగొచ్చారు. ఫోను మోగింది. పేజీ ఏమైందని ఎడిటర్. టైలరమ్మే తీసి, ముక్కు చీదుకుంటూ, "ఇంట్లో పెద్దావిడ పోయారండీ" అంది. కాసేపటికి ఆయన పూలగుత్తితో వచ్చి గోడవారన నిలబడ్డాడు. బొమ్మలాయన ఆయన్ను కూడా ఒక మూలన వేసేశాడు.

"నెమ్మదికి మారుపేరండీ ఆవిడ" అన్నారు మాస్టారు.

"ఒక్కనాడు గొంతెత్తి ఎరగదు" అంది టైలరమ్మ. "మెట్ల మీద దారపు ముక్కలు పడితే నవ్వుతూ తనే ఊడ్చుకునేది మా తల్లి! నన్ను పల్లెత్తు మాట అనలేదు."

దుప్పటి కింద ఊపిరి బరువెక్కింది. అబద్ధం విని ఊరుకోవడం పాపమా, ఇచ్చిన మాట తప్పడం పాపమా అని ఆవిడ కాసేపు తూచుకున్నట్టుంది. తేలగానే లేచి కూర్చుంది.

"ఎవరే నవ్వుతూ ఊడ్చింది? ఈ పొద్దున్నే కదే ఆ ముక్కలన్నీ తెచ్చి నీ గుమ్మంలో పోసి, ఈసారి నీ మిషను వీధిలో పెడతానన్నాను? నేనుండగానే నా మీద ఇన్ని అబద్ధాలా!"

మాస్టారు ఎప్పుడు మెట్లెక్కారో ఎవరూ చూడలేదు. ఎడిటర్ చేతిలోంచి పూలగుత్తి జారిపోయింది. బొమ్మలాయన చెయ్యి మాత్రం ఆగలేదు.

తీరా చూస్తే కాగితం మీద మరణశయ్య లేదు. వేలు చూపిస్తూ లేచి కూర్చున్న మహనీయురాలు, నోళ్ళు తెరిచిన శిష్యులు ఉన్నారు. తరువాతి పుస్తకం చేజారినట్టేనని బొమ్మలాయన దాన్ని వీపు వెనక దాచాడు. ఎడిటర్ కిందపడిన పూలు ఏరుకుని, కాగితం లాక్కుని చూశాడు.

"ఈవిడ చెబితే నేనైనా కడుక్కుంటాను చేతులు" అన్నాడు చివరికి. "ఇదే వేద్దాం. పుస్తకంలో ఆవిడ పోనక్కర్లేదు."

"ఆ పూలు నేల మీంచి తీశావు. ముందు వెళ్ళి కడుక్కురా నాయనా" అంది అత్తగారు.

పుస్తకం వచ్చాక టైలరమ్మ చివరి పేజీలో తన ముఖం చూసుకుని, ఏడుపు తగ్గించి వేశారని నిష్ఠూరమాడింది. ఆ పుస్తకాల వరసలో ప్రాణాలతో మిగిలిన మహనీయురాలు ఈవిడ ఒక్కరే గాని, మెట్ల మీద దారపు ముక్కలు ఇప్పటికీ పడుతూనే ఉన్నాయి.