పడమటి మండలాలకు పట్టిన ఫైనాన్స్ యోగం

తల్లిదండ్రులారా! మీ ఇంట్లో డిగ్రీ పాసైన పిల్ల ఉండి, ఆ పిల్లను ఇంకా ఎంబీఏ ఫైనాన్స్‌లో చేర్చలేదంటే మీరు కన్నవాళ్లు కారు, పగవాళ్లు! ఈ మాట నేను కోపంలో అనడం లేదు. కడుపు నిండా భోంచేసి, తీరిగ్గా ఆలోచించి అంటున్నాను.

మన చిత్తూరు పడమటి మండలాల్లో మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా బస్సులో వెళ్లి చూడండి. కిటికీలోంచి టమోటా తోటలు ఎన్ని కనిపిస్తాయో, ఫైనాన్స్ చదువు చెప్పే కాలేజీల బోర్డులు కూడా ఇంచుమించు అన్నే కనిపిస్తాయి. టమోటాకు తెగులొస్తుంది, వానొస్తే కాయ పగులుతుంది. బోర్డుకు ఏ తెగులూ రాదు. ఇంతకంటే భద్రమైన పంట ఇంకేముంది?

పైగా ఈ చదువు మన గడప దగ్గరికే వస్తుంది! మా కాలంలో గురువు కావాలంటే మనమే వెతుక్కుంటూ పోయేవాళ్లం. ఇప్పుడు మే నెల ఎండలో గురువే టై బిగించుకుని బైకు మీద ఊరూరూ తిరుగుతున్నాడు. తన వాటా పిల్లల్ని చేర్పిస్తేనే ఆయనకు ఎండాకాలం జీతం. శిష్యుల కోసం గురువులు ఇంతగా తపించిన కాలం పురాణాల్లో కూడా లేదు.

చౌడేపల్లె దగ్గర పాడి ఆవులు పెట్టుకుని బతికే గంగప్ప ఇంటికి రామచంద్ర సారు అలాగే వచ్చాడు. గంగప్ప కూతురు మాధవీలత అప్పుడే బీకాం ముగించి, బ్యాంకు పరీక్షలకు చదువుకుందామా అని ఆలోచిస్తోంది. సారు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, రంగుల కాగితం ఒకటి విప్పాడు. అందులో ఒక అద్దాల మేడ, దాని ముందు కోటు తొడుక్కుని చేతులు కట్టుకున్న ఒక అమ్మాయి.

"గంగప్పన్నా, మీ పాప ఈ మాదిరి నిలబడల్లంటే ఫైనాన్సే సదవల్ల. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ కావొచ్చు, ఫండ్ మేనేజర్ కావొచ్చు. బొంబాయిలో ఆఫీసు! ఫీజు సంగతి మీకేల, గవర్నమెంటోళ్లే కడతారు" అన్నాడు.

గంగప్ప ఆ బొమ్మనూ కూతురినీ మార్చి మార్చి చూశాడు. మాధవీలత కూడా చూసింది. ఆమె గుండె పొంగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? తెల్లారి లేచి పేడ ఎత్తే పిల్లకు అద్దాల మేడ చూపిస్తే పొంగక ఏం చేస్తుంది? ఎంట్రెన్స్ రాసింది. రాసినవాళ్లకు ర్యాంకు రాకుండా పోతుందా! చేరిపోయింది.

ఇక ఆ చదువు గొప్పతనం ఏమని చెప్పను! రెండేళ్లలో ఆమెకు న్యూయార్క్ షేర్ మార్కెట్ ఎందుకు కూలిందో నేర్పారు. లండన్ బ్యాంకులు ఎలా మునిగాయో నేర్పారు. కాలేజీకి కూతవేటు దూరంలో, మార్కెట్ యార్డులో నిన్న బంగారంలా పలికిన టమోటాను ఇవాళ రోడ్డు పక్కన ఎందుకు పారబోస్తున్నారో మాత్రం నేర్పలేదు. అది సిలబస్‌లో లేదు. ఉండకూడదు కూడా! కళ్లెదుట కనిపించేదాన్ని నేర్పడానికి మళ్లీ కాలేజీ ఎందుకండీ?

చివర్లో ప్రాజెక్ట్ రిపోర్ట్ ఒకటి ఉంటుంది. జిరాక్స్ షాపులో పేరు, రోల్ నంబరు చెప్పి టీ తాగి వస్తే చాలు, బంగారు అక్షరాల అట్టతో చేతిలో పెడతారు. అది ఏ సిమెంట్ కంపెనీ సంగతో రాసినవాళ్లకూ తెలియదు, మార్కులు వేసినవాళ్లకూ తెలియదు. మాధవీలత మాత్రం మొండికేసి, తమ ఊరి పాల సెంటర్ల మీద సొంతంగా రాసుకొచ్చింది. ఇంత పల్చగా ఉంటే ఎవరు ఒప్పుకుంటారని రామచంద్ర సారు వెనక్కిచ్చాడు. ఆమె కూడా జిరాక్స్ షాపుకే పోయింది. చూశారా, చదువు మనిషిని ఎంత త్వరగా దారిలో పెడుతుందో!

ఆ తర్వాత ప్లేస్‌మెంట్! వంద శాతం! మాధవీలతకు కుప్పంలో వెల్త్ రిలేషన్‌షిప్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే బీమా పాలసీలు అమ్మే పని. చేరిన మొదటి రోజే ఆఫీసరు, "మీరంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎవరెవరు? ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి" అని శిక్షణ ఇచ్చాడు. చుట్టరికానికి కూడా మార్కెట్ ఉంటుందని కనిపెట్టిన శాస్త్రం ఇంకొకటి ఉందా?

కుప్పం ఉద్యోగంలో ఇంకో లాభం ఉంది. మూడు రాష్ట్రాలు ఒరుసుకునే చోటు కదా! పొద్దున కన్నడంలో 'బేడ' అనిపించుకుని, మధ్యాహ్నం తమిళంలో 'వేండాం' అనిపించుకుని, సాయంత్రం తెలుగులో 'వద్దు తల్లీ' అనిపించుకుని రూముకు చేరవచ్చు. ఒక్క జీతానికి మూడు భాషలు! ఆ జీతమూ టార్గెట్ దాటితేనే అనుకోండి.

పుంగనూరులో మేనత్త మనవడికి చెవులు కుట్టిస్తుంటే మాధవీలత వెళ్లింది. ఆమె గడపలో అడుగు పెట్టగానే చుట్టాలందరూ ఒక్కసారిగా ఫోన్లు చెవికి ఆనించుకున్నారు. ఆమె ఆ పూట పాలసీ ఊసు ఎత్తడానికి రాలేదు, బిడ్డను ఎత్తుకోవడానికి వచ్చింది. ఎవరూ నమ్మలేదు. మేనత్త కూడా నమ్మలేదు. తిరుగు బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, ఆ వారమే ఉద్యోగం మానేసింది.

మానేస్తే మాత్రం ఫైనాన్స్ తన బిడ్డను వదులుకుంటుందా! చదివిన కాలేజీయే పిలిచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను చేసింది. గంగప్ప పాల సెంటర్ దగ్గర క్యాన్ దించకముందే, "మా పాప లెక్చరర్ అయిండాది" అని అందరికీ చెప్పుకున్నాడు. అందరికీ చెప్పుకోనిది ఒకటుంది. క్లాసులు మొదలయ్యేలోగా మాధవీలత తన వాటా పిల్లల్ని చేర్పించకపోతే ఆ ఉద్యోగం ఉండదు. కుప్పం ఉద్యోగం మానేసినప్పుడు తల దించుకున్న తండ్రిని మళ్లీ ఊళ్లో తల దించుకునేలా చేయడం ఆమె వల్ల కాదు.

అలా బ్యాగు తగిలించుకుని నిమ్మనపల్లె చేరింది. మొదటి ఇల్లు మారెమ్మది. మారెమ్మ టమోటా కోతలకు పోయే కూలి మనిషి. డిగ్రీ ముగించిన ఆమె కూతురు రాణికి దాణా అంగట్లో లెక్కలు చూసే పని వచ్చింది. సోమవారం చేరాలి. జీతం తక్కువే కానీ, సాయంత్రాలు బ్యాంకు పరీక్షకు చదువుకోవచ్చని ఆ పిల్ల ఆశ.

మారెమ్మ చాప వేసి, నీళ్లిచ్చి, మాధవీలత ఇస్త్రీ చీరనూ మెడలో ఐడీ కార్డునూ కళ్లారా చూసింది. "నా బిడ్డ నీ మాదిరి అయితే సాలమ్మా. ఇంకేం వొద్దు నాకు" అంది. రాణి కూడా ఆ కార్డు వంకే చూస్తోంది. ఆ చూపు మాధవీలతకు బాగా తెలుసు. తనదే.

అంతే, ఆమె నోరు జారింది. "వొద్దక్కా. నేను సదివే సెప్తాండా. మేడా లేదు, బొంబాయీ లేదు. యాడా పని దొరక్కనే నేను ఈ పనికి వచ్చినా. పాపను సోమవారం ఆ అంగట్లోనే సేరనీ" అంది.

ఎంత తెలివితక్కువతనం! పెళ్లిచూపులకు తీసుకొచ్చిన పెద్దమనిషే పిల్లాడికి మూర్ఛ ఉందని చెప్పినట్టు! ఇలాంటి మనిషికి ఫైనాన్స్‌లో భవిష్యత్తు ఉంటుందా? ఉండదనే నేనూ అనుకున్నాను. కానీ మన పడమటి మండలాల వాళ్లను నేను తక్కువ అంచనా వేశాను.

మన దగ్గర ఒక ఆచారం ఉంది. 'ఈ తూరి టమోటా వేయొద్దప్పా, ధర ఉండదు' అని పక్క చేనువాడు అన్నాడనుకోండి. తానొక్కడే వేసి తానొక్కడే బాగుపడాలని చూస్తున్నాడని అర్థం! విన్నవాడు మరో ఎకరం ఎక్కువ వేస్తాడు. అలా వేసిన తోటల్లోనే మారెమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కాయలు కోస్తోంది. మాధవీలత అటు వీధి మలుపు తిరగగానే ఇటు పక్కింటామెతో అంది: "కూలోళ్ల బిడ్డ తన అంత కాకూడదని సూడు ఆయమ్మకి! అంత గట్టిగా వొద్దంటాండాదంటే ఆడ ఏదో ఉండాది."

మరునాడు ఆటో నిండా జనం. మారెమ్మ, రాణి, వీధిలోని మరో నలుగురు అమ్మాయిలు, వాళ్ల తల్లులు. కాలేజీలో ఎవరు పంపారని అడిగితే అందరూ ఒకే మాట అన్నారు, చౌడేపల్లె మేడం అని.

ప్రిన్సిపాల్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. రామచంద్ర సారు పక్కకు పిలిచి, "ఏం సెప్పినావమ్మా వాళ్లకు?" అని అడిగాడు. "వొద్దని సెప్పినా సార్" అంది మాధవీలత. సారు, "ఇన్నేండ్లూ రమ్మని పిలిచి సచ్చినాం కదమ్మా!" అని నెత్తి కొట్టుకున్నాడు. వచ్చే ఏడు లెక్చరర్లందరూ వద్దనే చెప్పాలని కాలేజీ నిర్ణయించిందట.

ఇంకోసారి వద్దని చెప్పి చూద్దామని మాధవీలత మారెమ్మ ఇంటికి మళ్లీ వెళ్లింది. ఈసారి చాప వేయలేదు. రాణి సోమవారం దాణా అంగడికి పోలేదు.

క్లాసులు మొదలయ్యాయి. మొదటి బెంచీలో రాణి. కొత్త చుడీదార్, కొత్త ఐడీ కార్డు. మాధవీలత బోర్డు మీద పాఠం పేరు రాస్తుండగా రాణి లేచి నిలబడింది.

"మేడం, ఇది అయిపోతే మాకు ఏం ఉద్యోగం వస్తాది?"

మాధవీలత చాక్‌పీస్ కింద పెట్టింది.

"నాది" అంది.

క్లాసంతా గొల్లున నవ్వింది. మేడం మంచి సరదా మనిషి అనుకుని రాణి కూడా నవ్వింది.

కాబట్టి తల్లిదండ్రులారా, ఆలోచించకండి! తొందరపడాల్సిన పని కూడా లేదు. కాలేజీలో సీట్లు ఇంకా చాలా ఉన్నాయి. దాణా అంగట్లో ఉన్నది ఒక్కటే పని. అందులో వేరే ఎవరో చేరిపోయారు.