గుండీకి పోయిన మూడు తీగలు

తొమ్మిదింటికి నమూనాని కారెక్కించి, పదింటికి పురాతన కట్టడాల కమిటీకి చూపించి, పదకొండింటికల్లా ఊపిరి పీల్చుకోవాలన్నది ఇంజనీరు పథకం. పాత నగరం కోట ముందున్న నది మీద తీగల వంతెన కట్టాలి. అతని డిజైనుని కమిటీ రెండేళ్లలో రెండుసార్లు తిప్పికొట్టింది. ఆ తీగల్లోంచి కోట దోమతెర వెనక ఉన్నట్టుందని అధ్యక్షురాలి ఫిర్యాదు. ఈసారీ కాదంటే మురుగుకాలువల విభాగానికి పంపిస్తానని చీఫ్ ఇంజనీరు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి తిండి సయించడం లేదు.

స్నానం చేసి వచ్చేసరికి బల్లమీద నమూనా స్తంభం ఒక పక్కకి ఒరిగి ఉంది. దానికి తీగలకి బదులు రెండు వైపులా పన్నెండేసి తెల్లదారాలు బిగించాడు. కిటికీ వైపువి మూడు మాయం. పక్కనే అత్తగారు అతని చొక్కా దులుపుతున్నారు.

"గుండీ ఊడింది బాబూ. డబ్బాలో తెల్లదారం లేదు. దీనికి బోలెడున్నాయి కదా అని మూడు తీసుకున్నా. మూడూ కలిపి పేని కుట్టా, ఇంక ఊడదు," అన్నారావిడ.

డబ్బాలోని దారమంతా వంతెనకి వాడేసింది తనే.

రెండో వైపు కూడా మూడు కత్తిరిస్తే సరిపోతుందనుకున్నాడు. తొందరలో నాలుగు తెగాయి. స్తంభం అటు ఒరిగింది. అటు ఒకటి కోయబోతే రెండు తెగి మళ్లీ ఇటు ఒరిగింది. ఇలా అటూ ఇటూ కోస్తూనే పోయాడు, అతని భార్య వచ్చి కత్తెర లాక్కునేసరికి అటు మూడు, ఇటు మూడు మిగిలాయి. స్తంభం మాత్రం బుద్ధిగా నిలబడింది. అప్పటికి తొమ్మిదిన్నర.

కమిటీ ముందు కళ్లు మూసుకుని గుడ్డ తీశాడు. అధ్యక్షురాలు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేడం. ఆవిడ వంగి, వంతెనలోంచి వెనకున్న కోట బొమ్మని చూశారు.

"కోట కనిపిస్తోంది. రెండేళ్లుగా మేం మొత్తుకుంటున్నది ఇదేనండీ," అంటూ పెన్ను తీశారు. సభ్యులంతా తలలూపారు. చీఫ్ అతని భుజం తట్టాడు.

నోరు మూసుకుంటే పోయేది. కానీ ఆ ఆరు దారాల మీద బస్సులు వెళ్లడం అతని కళ్లముందు కదిలింది.

"సంతకం పెట్టకండి మేడం. ఆరు తీగలతో ఇది నిలబడదు."

చీఫ్ మళ్లీ ఆ నవ్వే నవ్వాడు. ఆవిడ ఫైలు మీద రెండు ముక్కలు రాసి, పైకి చదివారు. "కమిటీకి అభ్యంతరం లేదు. అభ్యంతరం డిజైనరుది. వారంలోగా ఆయనే తీర్చుకోవాలి."

మెట్లు దిగుతూ, ఎలా తీర్చుకుంటావని చీఫ్ నిలదీశాడు. ఉక్కపోసి ఇంజనీరు చొక్కా గుండీ విప్పబోయి, దాన్నే చూస్తూ ఆగిపోయాడు. మూడు పోగులు ఒకే తాడులా పేని ఉన్నాయి. లాగాడు. కదల్లేదు.

"తీగలు తక్కువే వేద్దాం సార్. ఒక్కోటీ పేని లావుగా వేద్దాం."

చీఫ్ మెట్టు మీదే నిలబడిపోయాడు. "మరి ఈ రెండేళ్లూ ఈ ముక్క ఎందుకు తట్టలేదయ్యా?"

"గుండీ ఇవాళే ఊడింది సార్."