ఆనందించుటకు దరఖాస్తు

"వచ్చే సోమవారం నుంచి ఈ పట్టణంలో ఎవరూ ఊరికే ఆనందించాల్సిన అవసరం ఉండదు. ప్రతి పౌరుడూ పేరు నమోదు చేసుకుని, ఒక పద్ధతి ప్రకారం ఆనందించవచ్చు."

పార్కులో వేసిన వేదిక మీది నుంచి వినోదాధికారి గారు ఈ ప్రకటన చేసినప్పుడు నేను ఆయన వెనకే నిచ్చెన మీద ఉన్నాను. నేను బోర్డులు రాసేవాణ్ణి. 'ఉద్యానవనముల మరియు వినోద శాఖ' అన్న అక్షరాల్లో ఆఖరి 'ఖ' తడి ఆరకముందే ఆయన మైకు అందుకున్నారు. అంత చురుకైన మనిషి. చప్పట్లు కొట్టాలని ఎంతో అనిపించింది కానీ ఒక చేతిలో కుంచె, రెండో చేతిలో నిచ్చెన ఉండడం వల్ల తల ఊపి సరిపెట్టుకున్నాను.

వినోదాధికారి గారిని ఎరగని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. పన్నెండేళ్ళుగా ఆయన వినోద శాఖలోనే ఉన్నారు. ఈ పన్నెండేళ్ళలో ఒక్కసారైనా నవ్వినట్టు ఆయనంటే గిట్టనివాళ్ళు కూడా రుజువు చేయలేకపోయారు. పిల్లల జారుడుబల్ల ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించి, బల్ల ఏటవాలు టేపుతో కొలిపించి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయారు. పని దగ్గర పనే.

ఆ రోజు ప్రకటించిన కార్యక్రమాలు మొత్తం ఇరవై నాలుగు. చదరంగం, బృందగానం, తోటపని, ఈత, నీళ్ళలో నడక, మామూలు నడక మొదటి మెట్టు, మామూలు నడక రెండో మెట్టు, కుటుంబ సమేతంగా గాలి పీల్చుకొనుట, ఇలా. అన్నింటికీ బోర్డులు నేనే రాశాను. పార్కు వెనకున్న ఎత్తయిన గోడ మీద 'ఈత కొలను. లోతు ఆరడుగులు. జాగ్రత్త' అని మూరెడు అక్షరాలు రాసి, సరదాకొద్దీ చివర ఒక చేపను వేశాను. చేపకు అనుమతి లేదని చెరిపించారు. న్యాయమే.

ఆ గోడ రాసి ఇంటికొచ్చి, ఒక చివర నడుము లోతే ఉండే కొలను తెరుస్తున్నారని మా అత్తకు శుభవార్త చెప్పాను.

మా అత్తంటే మా నాన్న అక్క. నన్ను పెంచింది ఆవిడే. ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసింది. అవతల ఎంత పెద్దవాడున్నా "లైన్లో ఉండండి" అని కూర్చోబెట్టిన మనిషి. ఇప్పుడు అరవై ఏడేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయి. డాక్టరు ఎక్స్‌రేని దీపానికెత్తి చూసి, "నడుము లోతు నీళ్ళలో రోజూ అరగంట నడవండమ్మా. మోకాళ్ళ మీద బరువు పడదు, కండ గట్టిపడుతుంది. మూడు నెలలు చూద్దాం. లేదంటే ఆపరేషనే" అన్నాడు. ఎవరికీ జడవని మా అత్త ఆపరేషన్ అన్న మాటకు మాత్రం బిగుసుకుపోతుంది. మా మామయ్య ఆపరేషన్‌కని వెళ్ళి తిరిగి రాలేదు.

సోమవారం పొద్దున్నే ఇద్దరం వినోద శాఖ ఆఫీసుకు వెళ్ళాం. కౌంటరులో ఉన్న గుమాస్తా మర్యాదగల మనిషి. పధ్నాలుగు పేజీల ఫారం ఇచ్చి, పూర్తి చేయడానికి కలం కూడా ఆవిడే ఇచ్చింది.

మూడో పేజీలో 'ఇంతకు ముందు ఎప్పుడైనా ఆనందించి ఉన్నారా? ఉంటే తేదీలు, సాక్షుల వివరాలు' అని ఉంది. అత్త కళ్ళజోడు సవరించుకుని, "మీ మామయ్య చనిపోయాడు. సాక్షి కింద ఎవర్ని రాయను రా?" అంది.

"నన్ను రాసెయ్ అత్తా."

"నువ్వప్పటికి పుట్టలేదురా."

ఖాళీగా వదిలేశాం. గుమాస్తా ఫారం తిప్పి చూసి, "ఈత వచ్చాండీ?" అని అడిగింది.

"రాదమ్మా. నేను ఈదను, నడుస్తాను."

"కొలనులోకి దిగాలంటే ఈత వచ్చినట్టు సర్టిఫికెట్ ఉండాలండీ. భద్రత కోసం."

"ఆ ఈత ఎక్కడ నేర్పుతారు?"

"కొలనులో."

అత్త నా వైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. అదీ ఆగి ఉంది.

గుమాస్తాకు జాలేసినట్టుంది. కాస్త ముందుకు వంగి, "ఇలాంటి చిక్కు వస్తుందని మా సారు ముందే ఊహించారండీ. ఈత థియరీ అని ఇంకో కోర్సు పెట్టారు. ఆరు వారాలు. తడవక్కర్లేదు" అంది.

ముందుచూపంటే అది.

థియరీ క్లాసు ఆఫీసు పైఅంతస్తు హాల్లో జరిగేది. అత్తను చెయ్యి పట్టుకుని ముప్ఫై మెట్లు ఎక్కించేవాణ్ణి. హాల్లో నలభై కుర్చీలు, నలభై మంది. అందరూ నడుమో, మోకాలో, తుంటో ఏదో ఒకటి పట్టేసినవాళ్ళే. ఈత మాస్టారు బల్ల మీద బోర్లా పడుకుని చేతులు ఆడిస్తూ, "చుట్టూ నీళ్ళున్నాయని ఊహించుకోండి" అనేవాడు. నలభై మందీ కుర్చీల్లోంచి చేతులు చాపి గాలిని వెనక్కి తోసేవాళ్ళు.

"నా మోకాళ్ళు చదువుకోలేదు మాస్టారూ. వాటికి ఊహ చాలదు" అంది అత్త.

పక్క కుర్చీలోంచి ఒకాయన పగలబడి నవ్వాడు. సిమెంటు గొట్టాలు పోసి అమ్ముకునే ఆయన. బరువులెత్తీ ఎత్తీ నడుము పట్టేసి వచ్చాడు. అత్త ఆయన్ని తమ్ముడూ అనడం, ఆయన అక్కా అనడం ఆ రోజే మొదలైంది.

ఆరు వారాలయ్యాక రాతపరీక్ష. అత్తకు నూటికి తొంభై ఆరు వచ్చాయి. క్లాసులో ఆవిడే ఫస్టు. 'మునుగుతున్నప్పుడు చేయవలసిన మొదటి పని ఏది?' అన్న ప్రశ్నకు ఆవిడ 'అరవడం' అని రాసింది. సరైన జవాబు 'సంబంధిత అధికారికి తెలియపరచడం'. నాలుగు మార్కులు అక్కడ పోయాయి.

సర్టిఫికెట్ పట్టుకుని మళ్ళీ కౌంటరుకు వెళ్ళాం. గుమాస్తా రిజిస్టరు తిరగేసి, నీళ్ళలో నడకకు అత్తది ఎనిమిది వందల పన్నెండో నంబరనీ, పిలుపు ఇంటికే వస్తుందనీ చెప్పింది. మొదటి రోజు మొదటి ఫారం మాదే కదా అంటే, "పేర్లు అక్షరక్రమంలో పెట్టామండీ, ఎవరికీ అన్యాయం జరగకూడదని" అంది.

పిలుపు రాలేదు. ఆ ముప్ఫై మెట్ల పుణ్యమా అని మోకాళ్ళు ఇంకా వాచాయి. ఒకరోజు పొద్దున స్నానాల గది గడప దగ్గర అత్త గోడ పట్టుకుని నిలబడిపోయింది. జానెడు ఎత్తయినా ఉండదు ఆ గడప. కాలు లేవడం లేదు. నేను వెళ్ళి నడుము చుట్టూ చెయ్యి వేశాను. ఆవిడ నా వైపు చూడకుండా, "నన్ను ఆ కత్తుల దగ్గరికి పంపకురా" అంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆవిడ గొంతు అలా వినలేదు.

ఆ రోజు పని మానేసి నేరుగా వినోదాధికారి గారి గదిలోకి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా విని, ఒక ఫైలు తెప్పించి, నా ముందు విప్పారు.

"చూడండి. మీ అత్తగారి హాజరు నూటికి నూరు. పరీక్షలో ప్రథమ శ్రేణి. మా రికార్డుల ప్రకారం ఆవిడ ఈ పట్టణంలోకెల్లా ఆరోగ్యవంతురాలు."

"కానీ సార్, గడప దాటలేకపోతోంది."

"గడప మా శాఖ కిందికి రాదు" అన్నారు బాధగా. తర్వాత గొంతు తగ్గించి, "గురువారం మంత్రిగారు వస్తున్నారు. మనకు ఉత్తమ వినోద పట్టణం అవార్డు. ఆయన చేతుల మీదుగా కొలను తెరిపిస్తాం. క్లాసు ఫస్టు కాబట్టి మొట్టమొదట దిగేది మీ అత్తగారే. తువ్వాలు మీరే తెచ్చుకోవాలి" అన్నారు.

నాకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

గురువారం అత్త కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, చేతికర్రతో ముందు వరసలో నిలబడింది. వెనక థియరీ క్లాసు మొత్తం వచ్చింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. కొలను గేటుకు తాళం తీయడానికి పావుగంట పట్టింది. తుప్పు.

గేటు తెరిస్తే లోపల కొలను అంచుదాకా నిండి ఉంది. కాగితాలతో.

కట్టలు కట్టలుగా, పురికొసతో కట్టి, వరసలుగా పేర్చిన దరఖాస్తులు. ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎక్కడా సందు లేదు.

మంత్రిగారు, "ఇవేమిటయ్యా?" అన్నారు.

వినోదాధికారి గారు నీళ్ళు నమిలారు. ఆ రోజు ఆ కొలను దగ్గర కనిపించిన నీళ్ళు అవే.

"దరఖాస్తులు సార్. ఇరవై నాలుగు కార్యక్రమాలకీ వచ్చినవి. ఆఫీసు కప్పు కురుస్తోంది సార్. ఊళ్ళో తడి తగలని చోటు ఇదొక్కటే."

"లోతెంత?"

"ఆరడుగులు సార్. పూర్తిగా నిండింది."

 మంత్రిగారు ఫొటోగ్రాఫరుకేసి తిరిగి, "మా ప్రజలు ఆనందంలో మునిగి తేలుతున్నారనడానికి ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. అవార్డు అక్కడికక్కడే ఇచ్చారు. కొలను గట్టు మీద ఫొటో దిగారు. మర్నాడు పేపర్లో మొదటి పేజీలో వేశారు. అంచున తువ్వాలు కొస ఒకటి కనిపిస్తుంది. అది మా అత్తదే.

జనం కాస్త పలచబడ్డాక అత్త వినోదాధికారి గారి దగ్గరికి వెళ్ళింది.

"నా ఫారం ఎక్కడుంది నాయనా?"

"మీది మొదటి రోజుదండీ. అట్టడుగున భద్రంగా ఉంది."

"అయితే దానికి ఈత వచ్చేసినట్టే. మరి నేనెందులో నడవాలి?"

వినోదాధికారి గారు నిజంగానే ఆలోచించారు. "మంచి ప్రశ్న. రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నారు.

అత్త తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది.  రోడ్డు మీదికి వచ్చాక గొట్టాలాయన వెనక నుంచి నడుము పట్టుకుంటూ వచ్చి కలిశాడు.

"అక్కా, అడగడానికి మొహమాటంగా ఉంది. మా యార్డులో గొట్టాలు నానబెట్టే తొట్టి ఉంది. పెద్దదే, నడుము లోతుంటుంది. గొట్టాలు పక్కకి జరిపి, కడిగి, మంచినీళ్ళు పట్టిస్తాను. ఏమంటావు?"

"ఫారం ఎన్ని పేజీలు తమ్ముడూ?" అంది అత్త.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. గొట్టాలాయన అప్పటికే తొట్టిలోకి మూడు మెట్లు పెట్టించి, పట్టుకోవడానికి ఇనుప కడ్డీ బిగించాడు. అత్త కడ్డీ ఒక చేత్తో, నా మెడ ఒక చేత్తో పట్టుకుని దిగింది. నీళ్ళు నడుము దాకా వచ్చాక "అబ్బా" అని కళ్ళు మూసుకుంది. తర్వాత నా మెడ వదిలేసింది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. తొట్టి అవతలి గోడ ముట్టుకుని తిరిగి వచ్చి, "ఏంట్రా అలా చూస్తున్నావు, బోర్డు రాయాలా?" అంది.

నాలుగో రోజుకు ఈత మాస్టారు వచ్చి చేరాడు. ఆయనకూ నీళ్ళలో దిగడం చాలా ఏళ్ళ తర్వాత అట. రెండు వారాలకు థియరీ క్లాసు నలభై మందీ వంతులేసుకుని దిగుతున్నారు. కౌంటరు గుమాస్తా కూడా వాళ్ళమ్మను తీసుకొచ్చింది, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుని. మూడు నెలలు నిండాక డాక్టరు మోకాళ్ళు వంచి చూసి, కత్తి సంగతి ఇప్పట్లో మర్చిపొమ్మన్నాడు. ఆ వేళ ఇంటికొచ్చి అత్త ఎవరి సాయమూ లేకుండా గడప దాటింది. దాటి, మళ్ళీ ఇవతలికొచ్చి, ఇంకోసారి దాటింది.

ఆ మరుసటి వారం ఒక పొద్దున యార్డు ముందు వినోద శాఖ జీపు ఆగింది.  గొట్టాలాయన గబగబా ఒక గొట్టం తొట్టి మీద అడ్డంగా దొర్లించబోయి, నడుము గుర్తొచ్చి ఆగిపోయాడు.

వినోదాధికారి గారు ఒంటరిగా దిగారు. ఎడమకాలు ఈడుస్తున్నారు. చేతిలో డాక్టరు చీటీ. ఆ దస్తూరీ మాకు బాగా తెలుసు. చంకలో తువ్వాలు, పేపర్లో చుట్టి ఉంది.

ఆయన తొట్టి అంచున నిలబడి, చుట్టూ చూసి, చాలా మెల్లిగా అడిగారు.

"ఇక్కడ... దిగాలంటే... ఎక్కడ నమోదు చేసుకోవాలండీ?"

"చెప్పులు అక్కడ పెట్టండి సార్. సంతకం ఎక్కడా పెట్టక్కర్లేదు" అన్నాడు గొట్టాలాయన.

ఆయన చెప్పులు విప్పారు. ప్యాంటు మడిచారు. కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయి వెనక్కి తీశారు. మళ్ళీ పెట్టబోయి మళ్ళీ తీశారు. 

"ఊరికే ఎలా దిగుతామండీ?" అన్నారు.  పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎంత నలిగిపోయారో నాకు ఆ క్షణంలో అర్థమైంది.

అత్త నీళ్ళలోంచే అడిగింది. "తమ్ముడూ, ఆ కొత్త గొట్టం ఇంకా పచ్చిదేనా?"

"ఇప్పుడే పోశానక్కా. గట్టిపడలేదు."

"సారుకి ఒక మేకు ఇవ్వు."

వినోదాధికారి గారు మేకు అందుకుని, వంగి, పచ్చి సిమెంటు మీద శ్రద్ధగా సంతకం పెట్టారు. కింద తేదీ వేశారు. దాని కింద హోదా రాశారు. అప్పుడు, ఒక్కొక్క మెట్టే దిగి, నడుము లోతు నీళ్ళలో నిలబడి, "అమ్మయ్య" అన్నారు. నవ్వారని నేను ప్రమాణం చేసి చెప్పలేను కానీ పెదవులు కదిలాయి.

గొట్టాలాయన గొట్టం వైపు చూసి తల పట్టుకున్నాడు. "దీన్నింక ఎవరు కొంటారక్కా?"

"అమ్మకండి," అన్నారు వినోదాధికారి గారు కళ్ళు తెరవకుండానే. "అది ఆఫీసు కాపీ. మీ కాపీకి ఇంకో గొట్టం పోయండి."