ఖలీల్ బస్సు మీద కిందిపాట

ఆ రోజు పొద్దున రామనారాయణ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇడ్లీ తినడం, ఆత్మకూరు పోయి నెట్ సెంటర్‌లో కూర్చోవడం, మధ్యాహ్నం భోజనం వేళకు ఒక బస్సు రూటు గెలుచుకుని ఇంటికి రావడం. ఇడ్లీ తినడం వరకు అంతా ప్లాను ప్రకారమే జరిగింది.

రూటంటే ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా, అందరూ ఏఎస్ పేట అని పిలిచే అనుమసముద్రంపేట దర్గా దాకా పోయే అద్దె బస్సు రూటు. బస్సూ డ్రైవరూ మనవి, కండక్టరూ టిక్కెట్లూ ఆర్టీసీవి. కిలోమీటరుకు ఇంతని వాళ్ళు మనకిస్తారు. ఎవరు తక్కువకు తిప్పుతామంటే రూటు వాళ్ళది. ఇన్నేళ్ళూ అది ఖలీలుల్లాది. తన బస్సును తనే తోలుకునేవాడు. ఇప్పుడు గడువు తీరి మళ్ళీ టెండరు పిలిచారు.

నిజానికి రామనారాయణకు బస్సుతో పనే లేదు. నిమ్మతోటలున్నాయి, ట్రాక్టరుంది, ఎదురుపడితే నలుగురు లేచి నిలబడే మర్యాద ఉంది. లేనిదల్లా ఒక్కటే. ఉదయగిరిలో ఎవరూ గడియారం చూడరు. "ఖలీల్ బస్సు పోయినాక రా" అంటారు, "ఖలీల్ బస్సుకు ముందే పాలు పితకాల" అంటారు. ఖలీల్ బస్సు హారన్ మోగితే బడిలో గంట కొడతారు. ఎదురింటి చెంచమ్మ కోడి ఆ హారన్ వింటే తప్ప గుడ్డు పెట్టదు. ఒకసారి టైరు పగిలి బస్సు రాని పూట ఆ కోడి గంప చుట్టూ తిరుగుతూ ఏడ్చిన ఏడుపు కొండ మీది కోట దాకా వినబడిందని విన్నవాళ్ళు చెబుతారు. అంతెందుకు, రామనారాయణ తండ్రి పోయినప్పుడు, ఎప్పుడు పోయినాడని పలకరించిన వాళ్ళకు వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ "ఖలీల్ బస్సు మలుపు తిరిగేటప్పుడు" అని చెప్పింది. తండ్రి పోయిన దుఃఖం ఏడాదికి తగ్గింది గానీ ఆ మాట మాత్రం ఈనాటికీ రామనారాయణ గుండెలో ముల్లులా ఉంది.

ఊరు తన పేరు పెట్టి పిలిచే బస్సొకటి ఆ రోడ్డు మీద తిరగాలి. ఆయన కోరికంతా అదే.

ఇడ్లీ రెండో వాయి తినేటప్పుడే భార్య సుధారాణికి, బామ్మర్ది జయపాల్‌కు ఆఖరి మాటగా అంతా విడమరిచి చెప్పాడు. "ఇది మామూలు ఏలంపాట గాదు. అందరూ పైకి పాడతారు, ఇందులో కిందికి పాడాల. నేను ఆత్మకూర్లో కూర్చుంటా. ఆడ కరెంటు పోయిందంటే మన కొంప మునిగిపోతాది. అందుకే సుధా, నీ పేరు మీద ఇంకో టెండరు వేయించినా గదా, మీరిద్దరూ ఇంట్లో కంప్యూటర్ ముందర కూర్చోండి. ఖలీలు తగ్గించే కొద్దీ తగ్గించండి. ఎక్కడా ఆగొద్దు."

"తగ్గించేది ఖలీల్ భాయేనని ఎట్ట తెలుస్తాది బావా? పేర్లు కనపడవంట గదా" అన్నాడు జయపాల్.

"మనలో మనం తగ్గించుకుంటామా ఏంది? తగ్గించేది వాడే!"

జయపాల్ ఇంకో ఇడ్లీ వేసుకున్నాడు.

"ఇంకోమాట. ఫోన్లు ఆపెయ్యండి. బజార్లో రీఛార్జి షాపు ముబీను ఖలీలు మేనల్లుడు. ఈ ఊళ్ళో ఫోన్లన్నిట్లో డబ్బులేసేది వాడే. మనం ఏం మాట్లాడినా వాడికి తెలిసిపోతాది."

"నువ్వు చెప్పాల్నా! నేను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టేసినా" అంది సుధారాణి. ఆమె మంట ఆమెది. బస్సులో డ్రైవరు వెనక మొదటి సీటు ఖలీలుల్లా భార్య వజీరున్నీసాది. బూరుగు దూది దిండు వేసుకుని, కిటికీలోంచి ఊరిని పలకరిస్తూ ఆమె దర్గాకు పోతుంటే, వెనక నిలబడి కడ్డీ పట్టుకుని వేలాడే సుధారాణికి ఒళ్ళంతా కారం పూసినట్టుండేది. ఆమెకు రూటు వద్దు, రేటు వద్దు. ఆ సీటు చాలు.

రామనారాయణ మోటారు సైకిలెక్కి మలుపు దాటాడో లేదో, బస్సు పక్కగా పోయింది. స్టీరింగు దగ్గర ఎవరో కొత్త డ్రైవరు. ఖలీలుల్లా తెల్ల పైజామా తొడుక్కుని, అత్తరు పూసుకుని, కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. రంజాన్ నాడు కూడా స్టీరింగు వదలని మనిషి! ఆత్మకూరు దాకా రామనారాయణ బస్సు వెనకే దుమ్ము తింటూ పోయాడు.

నెట్ సెంటర్‌లో కుర్చీ వేసుకుని చూస్తే, రోడ్డుకు అవతల బెంచీ మీద ఖలీలుల్లా! ఫోను ముక్కుకు ఆనించుకుని బొటనవేలితో పొడుస్తున్నాడు.

"చూసినావా గోపికా, ఎంత ధైర్యమో! నడిరోడ్డులో కూర్చోని టెండరేస్తా ఉండాడు" అన్నాడు నెట్ సెంటర్ అమ్మాయితో.

"ఫోన్లో వేయలేరేమో అన్నా..."

"వాడు వేస్తాడు."

వేలం మొదలైంది. రామనారాయణ ఒక రేటు వేశాడు. రోడ్డవతల ఖలీలుల్లా బొటనవేలు కదిలింది. ఇక్కడ తెర మీద రేటు తగ్గింది. రామనారాయణ ఇంకా తగ్గించాడు. అవతల వేలు మళ్ళీ కదిలింది, తెర మీద అంకె మళ్ళీ దిగింది. ఖలీలుల్లా తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి రామనారాయణ ఒక్కసారిగా రూపాయి తగ్గించేశాడు.

అక్కడ ఉదయగిరిలో సుధారాణి చీరకొంగు నడుముకు బిగించింది. "మళ్ళీ తగ్గించినాడక్కా!" అన్నాడు జయపాల్.

"తగ్గించనీ. నువ్వు రెండు రూపాయలు తగ్గించు."

"డీజిలు ఖర్చు దాటి కిందికి పోతాము."

"డీజిలు మీ బావ చూసుకుంటాడు. ఆ సీట్లో వజీరున్నీసా కూర్చోకూడదు, అంతే!"

ఆఖరి నిమిషాల్లో ఎవరు తగ్గించినా గడువు ఇంకొంచెం పొడిగిస్తారు. మొగుడు తగ్గిస్తే పెళ్ళాం, పెళ్ళాం తగ్గిస్తే మొగుడు. పన్నెండుకు ముగియాల్సిన వేలం ఒంటిగంట దాటింది. రేటు డీజిలు ఖర్చును దాటింది. టైర్ల అరుగుదలను దాటింది. డ్రైవరు జీతాన్ని దాటి, షేరాటో ఛార్జీని పలకరించి, అనంతసాగరం ఎడ్లబండి బాడుగ దగ్గరకొచ్చి నిలబడింది. గోపిక టిఫిన్ క్యారియర్ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"అన్నా, ఇంకా తగ్గితే మీరే ఆర్టీసీకి ఎదురియ్యాల."

"ఇస్తా! వాడికి మాత్రం పోనియ్యను!" అని రామనారాయణ మీట మీదికి వేలు తీసుకుపోయే లోపల కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి వేలం ముగిసింది. మొదటి పేరు సుధారాణి. రెండో పేరు రామనారాయణ. మూడో పేరు లేదు.

మూడో పేరు లేదన్న సంగతి గోపిక చూసింది. రామనారాయణ చూడలేదు. తువ్వాలు గాల్లో తిప్పుకుంటూ రోడ్డు దాటాడు.

"ఏం ఖలీల్ భాయ్, ఓడిపోయినావే!"

ఖలీలుల్లా తల ఎత్తాడు. "ఓడిపోయేదేంది? ఇప్పుడే గెలిచినా, చూడు" అని ఫోను చూపించాడు. తెర నిండా రంగురంగుల మిఠాయి బిళ్ళలు పేలుతున్నాయి. "మా మనవరాలు హఫ్సా పెట్టిచ్చింది ఈ ఆట. మోకాళ్ళ డాక్టరు దగ్గర టోకెను తీసుకుని పొద్దున్నుంచి ఆడతా ఉండా. పిలిచినారా ఏంది నన్ను?"

"మరి టెండరు?"

"టెండరు ఎవరేసినారు నాయనా? నా బస్సు ముసిల్దయిపోయినాది, నేను దానికంటే ముందే అయినా. చాల్లే అనుకున్నా."

రామనారాయణ ఫోను ఆన్ చేశాడు. అది ఆన్ కావడానికే కాచుకున్నట్టు మోగింది.

"ఏమయ్యా, గెలిచినాం!" సుధారాణి గొంతు బెంచీ దాకా వినబడింది. "ఆ ఖలీల్ భాయ్ ఏం మొండి మనిషయ్యా! నేనెంత తగ్గిస్తే అంత తగ్గించినాడు. డీజిలు గూడా రాదని తెలిసీ ఎవుడన్నా అట్ట దిగుతాడా? బుద్ధుండే మనిషేనా?"

"సుధా... ఆ మొండోణ్ణి నేనే."

అటువైపు నుంచి బియ్యం డబ్బా మూత పడిన చప్పుడు వినబడింది.

వెనక్కి పోవచ్చు. డిపాజిట్ పోతుంది, పోతే పోయింది. కానీ ఊరంతా నవ్వుతుంది, పైగా ఆ నవ్వు ఏ వేళప్పుడు మొదలైందో కూడా ఖలీల్ బస్సుతోనే లెక్క చెబుతారు. అందుకని ట్రాక్టరు అమ్మి బస్సు కొన్నాడు. డిపో చెప్పిన రంగే వేయాలి కాబట్టి ఓనరు పేరుకు తలుపు పక్కన అరచేతంత చోటు మిగిలింది. కాంట్రాక్టు సుధారాణిది కాబట్టి ఆ అరచేయి కూడా సుధారాణిదే అయింది. పెయింటరు మొహమాటపడి చివర్లో ఒక చుక్క పెట్టి, "ఇది మీరనుకోండన్నా" అన్నాడు.

ఇక డ్రైవర్లు. రేటు విన్న ప్రతివాడూ నవ్వి, టీ తాగి పోయేవాడు. కలువాయి నుంచి ఒకడొచ్చి, రేటు వినకముందే నవ్వాడు. అప్పటికే కథ అక్కడిదాకా పాకింది. బస్సు ఇంటి ముందర ఊరికే నిలబడింది. ఖలీల్ పాత బస్సు షెడ్డుకు పోయింది. డిపో నుంచి ఎవరిదో బస్సు ఒకటి వచ్చిపోతోంది గానీ దాని హారన్ వేరు. బడి గంట ఎప్పుడు పడితే అప్పుడు మోగుతోంది. చెంచమ్మ కోడి గుడ్డు మానేసింది.

"నీ కిందిపాట నా కోడికి తగిలినాది గదరా!" అని చెంచమ్మ ఎదురింటి అరుగు మీంచి రోజూ తిడుతూనే ఉంది.

చివరికి మొగుడూ పెళ్ళాం ఖలీలుల్లా ఇంటికి పోయారు. "నువ్వే తోలాల భాయ్. మోకాళ్ళు ఎట్టుండాయి?"

"ఇంట్లో కూర్చోమన్నాడు డాక్టరు. కూర్చున్నా. మోకాళ్ళు బాగయినాయి, తలనొప్పి మొదలైనాది. పొద్దస్తమానం చీపురు చేతికిస్తా ఉండాది."

"నాకంతా ఇనపడతా ఉండాది!" అంది లోపలి నుంచి వజీరున్నీసా.

"వస్తాన్లే. జీతం నువ్వు ఇచ్చినంతే ఇయ్యి. రెండే మాటలు. నా పాత హారన్ ఈ బస్సుకు బిగించాల. ముందు సీటు మా ఇంటిదానిది."

రామనారాయణ భార్య వైపు చూశాడు. సుధారాణి గోడ వైపు చూసింది. గోడ ఒప్పుకున్నట్టే ఉంది.

మొదటి రోజు తెల్లారి రామనారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టాపులో కూర్చున్నాడు. ఊరు ఏమని పిలుస్తుందో చెవులారా వినాలని. పరాయి ఊరి నుంచి దర్గాకు పోయే పెద్దాయన ఒకాయన పక్కన కూలబడి, "అబ్బయా, ఏఎస్ పేటకు పోవాల. ఏ బస్సుకు కూర్చోవాల?" అని అడిగాడు.

ఈ ప్రశ్న కోసమే రామనారాయణ ట్రాక్టరు అమ్ముకున్నది. గొంతు సవరించుకున్నాడు. స్టాపులో అందరూ ఇటు తిరిగారు. అంతలో మలుపు అవతల హారన్ మోగింది. బడిలో గంట కొట్టారు. కొత్త బస్సు మొదటి సీట్లో దిండు, దిండు మీద వజీరున్నీసా, వెనక సీట్లో ఆమె జడను చూస్తూ ఓనరు సుధారాణి, అందరూ మలుపు తిరిగారు.

"లేయ్ పెద్దాయనా, లేయ్" అన్నాడు రామనారాయణ తొందరపడుతూ. "ఖలీల్ బస్సు వచ్చేసినాది."

చెంచమ్మ కోడి గుడ్డు పెట్టింది.