చిరుత గుహలో చేపలతొట్టి

పులులు వలసపోయాక చిరుతే పెద్దరికం వెలగబెడుతున్న ఒక పెద్ద అడవిలో జరిగిన సంగతి ఇది. ఆ చిరుత పేరు భైరప్ప, అడవి సభకు అధ్యక్షుడు. అతని కార్యదర్శి సంగోజీ అనే నక్క.

అడవి అంచున ఉన్న అతిథిగృహంవాళ్లు పారేసిన గాజు చేపలతొట్టిని కోతులు మోసుకొచ్చి భైరప్పకు కానుకగా ఇచ్చాయి. భైరప్ప దాన్ని గుహలో పెట్టించి, నీళ్లు పోయించి, మూడు పరిగె చేపల్ని వదిలించాడు. చూడ్డానికి వచ్చిన ఎలుగుబంటి మాత్రం పెదవి విరిచింది.

"బోసిగా ఉంది దొరా. ఇది చేపలతొట్టా, చేపల జైలా?"

ఆ మాటకు భైరప్పకు అన్నం సయించలేదు.

"దానికేం దొరా, మన మడుగులో కావలసినంత పచ్చదనం ఉంది. నాచు, అంతరతామర, చిట్టికలువ, ఏది కావాలంటే అది" అన్నాడు సంగోజీ.

"అది అందరిదీ కదయ్యా!"

"అందుకేగా, అడ్డుపడే సొంతదారు లేడు."

మర్నాడే సభ పెట్టారు. సంగోజీ గొంతు సవరించుకున్నాడు. "మన మడుగును నాచు ఆక్రమించింది. అనుమతి లేకుండా పెరుగుతోంది. అక్రమంగా పుట్టిన ఆ మొక్కను వెంటనే తొలగించాలి. దాన్ని మళ్లీ ఎవరైనా మడుగులో వేస్తే అడవి నుంచి బహిష్కారం!"

ముత్యాలు అనే నీటికోడి లేచి నిలబడింది. "బాబయ్యా, నా గూడు ఆ నాచులోనే తేలే అంతరతామర మీద ఉంది. గుడ్లు పొదుగుతున్నాను."

"ఆక్రమణ మీద కట్టావంటే అదీ ఆక్రమణే తల్లీ" అన్నాడు సంగోజీ, ఎంతో మర్యాదగా.

అడవిపంది కునుకుతూ తలూపింది. దాన్నే ఆమోదం కింద రాసుకున్నారు.

గంగులు అనే నీటికుక్క మడుగులో దిగి, నాచును మోపులు మోపులుగా పీకి గుహకు చేరవేసి తొట్టిలో నింపాడు. ఆఖరి మోపులో ముత్యాలు గూడు గుడ్లతో సహా తేలివచ్చింది. దాని వెనకాలే ముత్యాలు ఏడుస్తూ వచ్చి, తొట్టిలోకి ఎగిరి గుడ్ల మీద కూర్చుంది.

"తరిమెయ్యమంటారా?" అన్నాడు గంగులు.

"వద్దొద్దు, సహజంగా ఉంది" అన్నాడు సంగోజీ.

ఎలుగుబంటి మళ్లీ వచ్చి "అబ్బ! ఇప్పుడు కదా ఇల్లు!" అంది. భైరప్ప మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. తొట్టిలో ఒక చేప కనపడకుండా పోయింది. ఆ వెంటనే రెండోది.

"నువ్వే మింగావు!" అని భైరప్ప నీటికోడి మీద గర్జించాడు.

"మీంచి లేస్తే గుడ్లు చెడతాయని నేను ఆకలితో మాడుతున్నాను బాబయ్యా. కాస్త వంగి లోపలికి చూడండి."

భైరప్ప వంగాడు. నాచుతో పాటు వచ్చిన తూనీగ పిల్లపురుగు ఒకటి మూడో చేపను నోట కరుచుకుని తీరిగ్గా భోంచేస్తోంది. ఇంకా దగ్గరగా చూద్దామని అతను ముక్కు నీళ్లలో పెట్టాడు. నాచుతో పాటే వచ్చిన జలగ ముక్కు పట్టుకుంది.

గుహంతా దద్దరిల్లేలా అరిచాడు భైరప్ప. జలగ కడుపునిండా తాగాక గానీ వదల్లేదు. అదే నాచులోంచి కప్పలు బయటికొచ్చి అతని పరుపెక్కి కచేరీ మొదలెట్టాయి.

అటు నీడ పోయిన మడుగు ఎండకు వేడెక్కి, బురదై, కంపు కొట్టసాగింది. అడవిలో తాగడానికి పనికొచ్చే నీళ్లు మిగిలింది ఒక్క అధ్యక్షుడి గుహలోని తొట్టిలోనే! దాంతో జింకలు, దుప్పులు, అడవిపంది పరివారం గుమ్మంలో వరస కట్టాయి.

"ఇక నావల్ల కాదు సంగోజీ! నాచంతా తీసుకెళ్లి మడుగులో పడేయించు!"

సంగోజీ చేతులు నలుపుకున్నాడు. "మడుగులో నాచు వేస్తే బహిష్కారం దొరా. మనమే చేసిన చట్టం. నేను ముట్టను. గంగులూ ముట్టనంటున్నాడు."

మిట్టమధ్యాహ్నం అడవంతా కునుకు తీస్తుండగా అధ్యక్షుడు తన నాచును తానే నోట కరుచుకుని, చెట్ల చాటున దొంగలా నక్కి నక్కి మడుగుకు మోశాడు. ఎన్నిసార్లు తిరిగాడో అతనికే తెలీదు. ఆఖరికి గూడు మిగిలింది.

"మెల్లిగా బాబయ్యా, పళ్లు తగలనివ్వకండి. గుడ్లలో పిల్లలు కదులుతున్నాయి" అంది ముత్యాలు.

అడవిని గడగడలాడించిన చిరుత ఆ గూటిని పెదాలతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెడ లోతు బురదనీళ్లలోకి దిగాడు. గూడు నీళ్ల మీద ఆనగానే ఒక గుడ్డు చిట్లి, నల్లటి పిల్ల తల బయటపెట్టింది. మొట్టమొదట కనపడిన మొహాన్ని చూసి "అమ్మా" అంది.

ఎవరైనా విన్నారేమోనని భైరప్ప అటూ ఇటూ చూశాడు. గట్టు మీద సంగోజీ అప్పటికే చప్పట్లు కొడుతున్నాడు.

"అధ్యక్షులవారి మడుగు పచ్చదనం పథకానికి జై!"

నీతి: పదిమంది సొత్తు ఇంటికి పట్టుకుపోయేటప్పుడు, శుభ్రంగా కడిగి మరీ పట్టుకుపోవాలి.