అన్ని వైపులా వినే మైక్

ఒక పెద్ద అడవిలో పని జరగకపోయినా ఫరవాలేదు గానీ, కమిటీ లేకుండా మాత్రం జరగకూడదని నియమం. అందుకే వసంతోత్సవానికి మైక్ కొనడానికి కూడా ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు ఏనుగు. కార్యదర్శి నక్క. సభ్యుడు గాడిద. సంగీతంలో తనకి అపారమైన అనుభవం ఉందని అది తనే రాసిచ్చింది.

ఉత్సవంలో ప్రార్థనా గీతం పాడేది కోకిల. పదేళ్ళుగా అదే ఆస్థాన గాయని. మొన్నటి జ్వరానికి పాపం దాని గొంతు సన్నబడిపోయింది. సంగతి తెలిసి సింహంగారు ఉత్తర్వు వేశారు: ఈసారి పాట చివరి వరుసకి వినబడకపోతే కోకిల పదవి ఊడుతుంది. ఆ పదవి మీద నక్క మేనల్లుడికి ఎప్పటినుంచో కన్ను.

మైకులమ్మే గబ్బిలం రెండు రకాలు తెచ్చి చూపించింది.

"ఇది ఎదురుగా ఉన్న గొంతునే పట్టుకుంటుందండి. వెనక ఎవరేం మాట్లాడినా పట్టించుకోదు. వేదిక మీద పాడేవాళ్ళకి ఇదే మంచిది. రెండోది నాలుగు వైపులా వింటుంది. అది గుహలో ఒంటరిగా కూర్చుని రికార్డింగ్ చేసుకోవడానికి."

కోకిల మొదటిదాని ముందు నిలబడి ఒక్క పల్లవి పాడింది. అంత సన్నని గొంతూ నిండుగా వినిపించింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకిది చాలండి," అంది.

"నీకు చాలితే సరిపోతుందా అమ్మా?" అంది నక్క. "నీ పాట మూడు నిమిషాలు. మా ప్రసంగాలు మూడు గంటలు."

ఏనుగు తల పంకించింది. "ఎదురుగా ఉన్నవాళ్ళ మాటే వింటుందంటే ఇది పక్షపాతం గల మైక్. మనది సమానత్వాన్ని నమ్ముకున్న అడవి. పైగా నేను మైక్ దగ్గరికి వంగాలంటే నడుము పట్టేస్తుంది."

గాడిద రెండో మైక్‌ని పరీక్షించింది. దానికి ఆరు బారల దూరంలో వీపు తిప్పి నిలబడి ఓండ్రపెట్టింది. కొండ అవతల కుందేళ్ళు బొరియల్లో దూరాయి.

"నాణ్యత అంటే ఇదీ," అంది గాడిద.

"అయ్యా, ఆ వేదిక మీద పాతికమంది పెద్దలు కూర్చుంటారు కదా," అని గబ్బిలం ఏదో చెప్పబోయింది.

"తలకిందులుగా వేలాడేవాళ్ళు మాకు చెప్పొచ్చారు," అంది ఏనుగు. కమిటీ ఏకగ్రీవంగా నవ్వి, రెండో మైక్ కొనేసింది.

ఉత్సవం రోజు ఎవరూ ఎవరినీ తినకూడదని శాసనం. ఆ నమ్మకంతోనే జింకలూ కుందేళ్ళూ పిల్లాపాపలతో వచ్చి కూర్చున్నాయి. వేదిక మీద, కోకిల వెనకాల, పెద్దలు శాలువాలు కప్పుకుని కొలువుదీరారు. ప్రార్థనా గీతం జరుగుతుంటే వేదిక మీదివాళ్ళు గుసగుసలాడుకోవడం ఆ అడవిలో ఆచారం. పాట వినడానికి జనం ఉన్నారు కదా అని వాళ్ళ ధీమా. స్పీకర్లన్నీ జనం వైపే తిప్పి పెట్టారు.

కోకిల కళ్ళు మూసుకుని ప్రాణం పెట్టి పాడింది. స్పీకర్లలోంచి మాత్రం ఏనుగు గొంతు వచ్చింది.

"నాకు కప్పిన శాలువా తోకకి కూడా చాలదయ్యా."

జనం నవ్వారు. తనని చూసే మురిసిపోతున్నారనుకుని ఏనుగు తొండం ఊపింది.

తర్వాత నక్క గొంతు వచ్చింది. "దీని పాట ఎవరికీ వినబడదు ప్రభూ. అలాంటి మైకే ఏరి తెచ్చాను. రేపటినుంచి మా మేనల్లుడే ఆస్థాన గాయకుడు."

జనం నవ్వు ఆగిపోయింది.

"అది సరేగానీ, భోజనాల్లోకి ఏముంది?" అంది సింహం.

"మూడో వరుసలో కూర్చుంది ప్రభూ. లేతది."

మూడో వరుస చడీచప్పుడు లేకుండా లేచింది. దాన్ని చూసి రెండోది, నాలుగోది. కోకిల కళ్ళు తెరిచేసరికి మైదానంలో దుమ్ము తప్ప ఏమీ లేదు. పాట బాగాలేకే అందరూ వెళ్ళిపోయారనుకుని అది వెక్కి వెక్కి ఏడ్చింది.

అక్కడికక్కడే విచారణ జరిగింది. "చివరి వరుసకి పాట వినబడిందా, లేదా?" అని సింహం గద్దించింది.

"చివరి వరుసే లేదు ప్రభూ," అంది మైక్ చూసుకోవడానికి వచ్చిన గబ్బిలం. "వినబడలేదని చెప్పడానికి సాక్షి ఎక్కడ?"

అలా కోకిల పదవి నిలబడింది. సింహం ఆకలికి మాత్రం దారి దొరకలేదు. ఏనుగు మరీ పెద్దది. గాడిద మరీ గోల. మిగతా పెద్దలు అప్పటికే దూరంగా జరిగారు. పక్కనే అందుబాటులో ఉన్నది కార్యదర్శి నక్క ఒక్కటే. సింహంగారు దాని శాలువా తీసి పక్కన పెట్టి మరీ తిన్నారు.

మరుసటి ఏడాది కొత్త కమిటీ కోకిల అడిగిన మైకే కొంది. ఏడాదిలో జనం అన్నీ మరిచిపోయి మళ్ళీ వచ్చారు. పాట చివరి వరుసదాకా తేనెలా వినిపించింది. వెనకాల గుసగుసలు ఒక్కటీ బయటికి రాలేదు. అందరూ తలలూపుతూ కూర్చున్నారు, మూడో వరుసతో సహా.

నీతి: పాడేవాళ్ళు అడిగిన మైక్ ఎప్పుడూ కొనకండి, పాట బాగానే వినిపిస్తుంది, భోజనాల్లోకి ఏముందో మాత్రం తెలియదు.